ఇళ్ల మీద విన్యాసాలా?

నౌకాదళ విన్యాసాల బృందం ‘సాగర్ పవన్’లోని కిరణ్ విమానం 2010 మార్చి 3, బుధవారం బేగంపేట విమానాశ్రయంలోని ఏవియేషన్ షోలో విన్యాసాలు చేస్తూ బోయిన్‌పల్లిలో ఓ భవనం మీద కూలిపోయింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ప్రాణాలు కోల్పోయారు. కింద ఉన్నవాళ్లూ గాయపడ్డారు. ఆ కుటుంబాలకు మా సానుభూతి. పైలట్ పొరపాటా, యంత్రంలో లోపమా అన్నది విచారణలో తేలుతుంది. విచారణ దాకా ఆగనక్కర్లేని ప్రశ్న ఒకటుంది: ఇళ్ల నెత్తిన ఈ విన్యాసాలకు ఒప్పుకున్నదెవరు?

అంతకు సరిగ్గా రెండేళ్ల ముందు, 2008 మార్చిలో, ప్రయాణికుల విమానాలను బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలించారు. చుట్టూ ఊరు కమ్ముకుంది, బేగంపేటను పెంచడానికి చోటు లేదన్నారు. నిజమే. నేరుగా దిగి నేరుగా లేచే విమానాలకే ఇరుకైన చోట, జెట్లు రెక్కా రెక్కా రాసుకునేంత దగ్గరగా ఎగురుతూ పల్టీలు కొట్టడానికి మాత్రం జాగా ఎక్కణ్నుంచి వచ్చింది?

ఇదే చుట్టుపక్కల ఇల్లు ఎత్తుగా కట్టాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఫైలు పట్టుకుని తిరగాలి. మేడ మీద మేడ లేస్తే విమానానికి ముప్పట. విమానం వల్ల మేడకు ముప్పని రాసివ్వడానికి మాత్రం ఏ ఆఫీసులోనూ ఫారం లేదు! రూల్సన్నీ కింద ఉండేవాళ్లకేనా?

బోయిన్‌పల్లి వీధులు ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. డాబా మీద నీళ్ల ట్యాంకు, దండెం మీద బట్టలు, ఎండలు మొదలయ్యాయి కనుక చాపల మీద వడియాలు. కింద వంటింట్లో గ్యాస్ బండ. అవతల కూరగాయల మార్కెట్ యార్డు. అక్కడ పడి ఉంటే?

ఇలాంటి ప్రదర్శనలతో పెట్టుబడులు వస్తాయని, పైలట్లు ఆరితేరినవాళ్లని నిర్వాహకులు అంటారు. కావచ్చు. 2006లో బీదర్ దగ్గర మన వైమానిక దళ విన్యాసాల బృందం సూర్యకిరణ్ విమానం కూలి చనిపోయిన ఇద్దరూ ఆరితేరినవాళ్లే. 2007లో బెంగళూరు ఏరో ఇండియాకు ముందు కూలిన వైమానిక దళ సారంగ్ బృందం హెలికాప్టర్‌లో ఉన్నవాళ్లూ ఆరితేరినవాళ్లే. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఇటలీ వైమానిక బృందం విమానాలు ఢీకొని 70 మంది, 2002లో ఉక్రెయిన్‌లోని లివివ్‌లో యుద్ధ విమానం జనంలోకి దూసుకొచ్చి 77 మంది పోయారు. విమానయాన శాఖకు ఇవి తెలియనివి కావు. తెలిసీ బోయిన్‌పల్లి మీద ఎగరనిచ్చారు.

విన్యాసాలు వద్దని మేం అనడం లేదు. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది. అక్కడ ఎగరొచ్చు. అతిథులకు బస్సు ప్రయాణం కాస్త ఎక్కువవుతుంది, అంతే. స్టార్ హోటళ్లకు దగ్గరని బేగంపేటను పట్టుకు వేలాడుతూ, ఆ సౌకర్యం ఖరీదును పక్క కాలనీల ప్రాణాలతో కట్టించడం ఏం న్యాయం? ప్రయాణికుల విమానానికి పనికిరాని చోటు పల్టీలకు ఎలా పనికొచ్చిందో రాతపూర్వకంగా చెప్పండి. అనుమతి కాగితం మీద సంతకం ఎవరిదో బయటపెట్టండి. అంతవరకు బేగంపేటలో ఒక్క విన్యాసం కూడా జరగకూడదు. షామియానా నీడలో చప్పట్లు కొట్టి, సాయంత్రం ఆస్పత్రికెళ్లి పరిహారం చెక్కుతో ఫొటో దిగి తప్పుకుంటామంటే కుదరదు.