మావాడికి ఫ్రెంచి చేసింది

నెల్లూరులో రెండో తరగతి పిలకాయలకి ఫ్రెంచి ఎందుకని బడిలో అడిగితే, ‘చిన్నప్పుడైతే నాలిక బాగా తిరుగుతుంది’ అన్నారు. నాలిక బాగానే తిరిగింది. చిక్కంతా గొంతుతో వచ్చింది.

మన ‘ర’ నాలిక కొసన పుడుతుంది. ఫ్రెంచివాళ్ళ ‘ర’కి కొసతో పనిలేదు, కొండనాలిక దగ్గర గరగరలాడాలి. అది పట్టుబడటానికి మేడమ్ వాట్సాప్‌లో కిటుకు పంపింది: ముందు గుక్కెడు నీళ్ళు పోసుకుని పుక్కిలించాలి, తర్వాత నీళ్ళు లేకుండా అదే చప్పుడు తెప్పించాలి. మావాడికి చదువంటే శ్రద్ధ. పళ్ళు తోముకునేప్పుడు మొదలుపెడితే బడి ఆటో హారన్ కొట్టేదాకా గరగర.

వంటింట్లోంచి మా అమ్మ విన్నది. “అబ్బయ్యా, పిల్లోడికి గొంతు పట్టేసుండాదిరా.”

“అది పాఠంమ్మా.”

“ఏం పాఠమో! ఐస్‌క్రీమ్ వద్దంటే ఇంటాడా?”

మర్నాడు నమస్కారం చెప్పే ‘బోఁజూర్’ వచ్చింది. అందులో ‘ఒఁ’ సగం ముక్కులోంచి రావాలి. అమ్మ లెక్కలో అది రొంప. ఆ తర్వాత ఇంకో అచ్చు: పెదాలు ‘ఊ’ అన్నట్టు చుట్టి, లోపల ‘ఈ’ అనాలి. అద్దం ముందు మావాడు మూతి చుట్టుకుని మూలుగుతుంటే, అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యేసి చూసింది. గొంతు, ముక్కు, మూతి. ఇక ఆమె ఎవరి మాటా వినే స్థితిలో లేదు.

పొద్దున మిరియాల కషాయం, సాయంత్రం శొంఠి, రాత్రి పసుపు పాలు, పడుకోబోయే ముందు దుప్పటి కప్పి వాము ఆవిరి. మధ్యలో ఖాళీగా ఉండకుండా బుగ్గన కరక్కాయ ముక్క. కరక్కాయ బుగ్గనుంటే తెలుగే సరిగా రాదు, ఇంక ఫ్రెంచి ఏం చదువుతాడు!

మా నాన్న గూడూరు నిమ్మకాయల మార్కెట్లో లెక్కలు రాసి రిటైరైన మనిషి. వైద్యం జోలికి పోలేదు గానీ, అంకెల పేజీ దగ్గర ఆగిపోయాడు. వాళ్ళకి డెబ్భై అంటే అరవైపది. ఎనభై అంటే నాలుగిరవైలు. తొంభై ఏడు కావాలంటే నాలుగిరవైలూ పదీ ఏడూ. “ఈ లెక్కన వేలం పాట పాడితే, పాట ముగిసేలోగా కాయ మురిగిపోతుందిరా” అన్నాడు. బెల్జియంలో, స్విట్జర్లాండులో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు డెబ్భైకీ తొంభైకీ విడిగా మాటలు పెట్టుకున్నారని చెప్పాను. “మరి ఆ బుద్ధిమంతుల దగ్గర నేర్చుకోకూడదా?”

చివరికి డాక్టరు దాకా పోయింది వ్యవహారం. ఆయన టార్చి వేసి చూసి, “గొంతు బ్రహ్మాండంగా ఉందమ్మా” అని పెన్ను జేబులో పెట్టుకోబోయాడు. బడిలో నేర్పిన మర్యాద ఊరికే పోతుందా? మావాడు లేచి నిలబడి, సాధన చేసిన ‘ర’ అంతా కూడగట్టి “మెర్సీ” అని థాంక్స్ చెప్పాడు. డాక్టరు పెన్ను మళ్ళీ తీసి సిరప్ రాశాడు. బయటికొచ్చేదాకా అమ్మ నా మొహం వంకే చూసింది.

ఆమెనీ పూర్తిగా తప్పుపట్టలేం. ఫ్రాన్సులోనూ పూర్వం మనలాగే నాలిక కొసతోనే ‘ర’ పలికేవాళ్ళు. ఈ గొంతు ‘ర’ పారిస్‌లో ముదిరి, అక్కణ్ణుంచి మిగతా ఊళ్ళకి పాకింది. అచ్చం అంటురోగం నడకే. మన యానాంని 1954 దాకా ఫ్రెంచివాళ్ళు ఏలినా గోదారి జనానికి అది అంటలేదంటే, మిరియాల చలవేనని అమ్మ నమ్మకం.

నోటి పరీక్ష నాటికి కషాయాలూ ఆవిర్లూ కరక్కాయా కలిసి వాడి గొంతుని నిజంగానే బొంగురు చేసేశాయి. నేను సెలవు చీటీ రాద్దామనుకునేలోపే ఆటో ఎక్కేశాడు. మధ్యాహ్నం మేడమ్ గ్రూపులో పెట్టింది: ‘క్లాసులో ఇంత చక్కటి ర ఇంకెవరికీ రాలేదు. ఇంట్లో ఎవరు నేర్పిస్తున్నారని అడిగితే నాయనమ్మ అన్నాడు. ఆమెకి నా నమస్కారాలు.’

సాయంత్రానికి మా ఇంటికి ఒకటే ఫోన్లు. అమ్మ స్పీకర్ పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి చెబుతోంది: “పది మిరియాలు తీసుకోమ్మా, కచ్చాపచ్చాగా దంచాల. ఏందీ, మీ పిల్లోడికి ఇంకా ముక్కులోకి దిగలేదా? అట్టయితే వాము కూడా పట్టించాలమ్మే!”