తేనెటీగలకు షోకాజ్ నోటీసు

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు పోయిన నెల గ్రూపులో ఒక చారిత్రక ప్రకటన చేశారు. లిఫ్టు పక్క గోడ డొల్లలో తేనెటీగలు పట్టు పెట్టాయట, కమిటీ అనుమతి తీసుకోలేదట, మెయింటెనెన్స్ కట్టడం లేదట, కాబట్టి వెంటనే ఖాళీ చేయించాలట. అవి లోపలికి దూరిన పగులు మాత్రం నాలుగేళ్లుగా అక్కడే ఉంది. దానికి నోటీసు లేదు, సొంత మనిషి కాబోలు.

ఎమర్జెన్సీ మీటింగ్ పెట్టారు (నీళ్లు రాని వారం కూడా పెట్టలేదు లెండి). ఒకాయన కాగడా అన్నాడు, ఇంకొకాయన ఫినాయిల్ అన్నాడు. మూడో అంతస్తు పెద్దాయనది జాలిగుండె, "చంపడమెందుకండీ పాపం, బీ బ్లాకు గోడకి మార్చేద్దాం" అన్నారు. బీ బ్లాకువాళ్లు కుర్చీల్లోంచి లేచారు. ఈగలు ఏ బ్లాకు ఖాతాలోకి వస్తాయని గంటన్నర వాదన. చివర్లో ఒకావిడ అసలు సంగతికొచ్చింది: "ఏం చేసినా సరే, తేనె మాత్రం ఫ్లాటుకింతని పంచాలి."

తేనెటీగలు పట్టే మనిషిని పిలుద్దామన్నాను. పొద్దుగూకి అన్నీ గూటికి చేరాక, కాస్త పొగ పెట్టి, పట్టు పలకలు ఒక్కొక్కటే కోసి, పిల్లలున్నవాటిని చెక్క ఫ్రేములకు దారంతో కట్టి పెట్టెలో పెడతారు. రాణి పెట్టెలోకి చేరిందంటే మిగతావి దాని వెనకే బారుగా నడిచెళ్తాయి. ఆ పెట్టెను ఓ 3 కిలోమీటర్లైనా అవతల పెట్టాలి, బీ బ్లాకులో పెడితే మర్నాడు మేతకెళ్లినవి పాత అడ్రసుకే వస్తాయి. అంతా విని సెక్రటరీగారు "చాలా ప్రాసెస్ ఉందండీ" అన్నారు. రెండు డబ్బాల పురుగుల మందుకి ఏ ప్రాసెసూ లేదు.

మధ్యాహ్నం కొట్టించారు. సాయంత్రం వాచ్‌మన్ చీపురుతో కుప్ప చేస్తుంటే కొన్ని ఇంకా వెల్లకిలా పడి కాళ్లాడిస్తున్నాయి. ఒకదాని వెనక కాళ్లకు పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు అలాగే ఉన్నాయి, పని చూసుకుని అప్పుడే ఇంటికొచ్చింది. ఒక్క టీస్పూను తేనెకి ఓ 12 ఈగల జీవితాలు ఖర్చవుతాయి తెలుసా మీకు? మనిషిని కుడితే కొండి ఊడి అదే చస్తుంది, ఊరికే ఎందుకు కుడుతుంది? ఒక్కరినైనా కుట్టిందా మనలో? ఒక్క ఫోన్ చేయడానికి బద్ధకమై వేల ప్రాణాలు తీసి, మర్నాడు గులాబీ బొమ్మతో గుడ్ మార్నింగ్ పెడతారా? సిగ్గుండక్కర్లేదూ!

సరే, నా బీపీ సంగతి తర్వాత. చంపినవాళ్లు లోపలి పట్టు తీయాలన్న సంగతి మరిచిపోయారు. బతికున్నన్నాళ్లూ అవి రెక్కలతో విసిరి గూడు 35 డిగ్రీలు దాటకుండా చూసుకున్నాయి. ఇప్పుడు విసిరేవాళ్లు లేరు. మైనం మెత్తబడి సెక్రటరీగారి హాల్లో గోడమీదుగా తేనె కారింది, దాని వెనక చీమలు, ఆ వెనక కుళ్లిన పిల్లల కంపు. వాటా అడగడానికి ఆవిడ రాలేదు.

నిన్న ఇంకో గుంపు వచ్చి, పాత మైనం వాసనకే కాబోలు, ఆ పగులు చుట్టూ తిరుగుతోంది. ఆదివారం మళ్లీ మీటింగ్. ఎజెండాలో సెక్రటరీగారి హాలు పెయింటింగ్ ఖర్చు ఉంది, స్ప్రే డబ్బాలు ఈసారి నాలుగని ఉంది. పగులు లేదు.