ఆ పిల్లను లేపి నిలబెట్టకండి

"మీ వాళ్ల పండగ గురించి నాలుగు ముక్కలు చెప్పమ్మా" అని క్లాసులో వేరే సంస్కృతి నుంచి వచ్చిన ఒక పిల్లను లేపే టీచర్ ఉద్దేశం మంచిదే. నేనూ లేపాను. ఆ పిల్ల తల దించుకుని "తెలీదు మేడమ్" అంది. తెలియక కాదు, 11 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలకు నలుగురిలో కలిసిపోవడం కంటే పెద్ద కోరిక ఉండదు, నేనేమో ఆమెను అందరి ముందూ వేరు చేసి చూపించాను.

బహుళ సాంస్కృతిక విద్య, అంటే రకరకాల సంస్కృతుల పిల్లలందరికీ అందేలా చదువు చెప్పడం, అనగానే మన స్కూళ్లకి తోచేది ఇదే, పండగలు, వేషాలు, గోడకి పోస్టర్లు. ఈ రంగంలో పెద్ద పేరున్న జేమ్స్ బ్యాంక్స్ దీనికి 5 కోణాలు చెప్పారు. వివిధ సంస్కృతుల విషయాలను పాఠంలోకి తేవడం అందులో ఒకటి మాత్రమే. మనం ఆ ఒక్కదాన్ని కూడా సగమే చేసి ఆగిపోతున్నాం.

అసలు చిక్కు భాష దగ్గర వస్తుంది. కొత్త భాషలో కబుర్లు చెప్పడం వేరు, పాఠం చదివి అర్థం చేసుకోవడం వేరు అని రెండో భాష నేర్చుకోవడంపై పరిశోధించిన జిమ్ కమ్మిన్స్ 1979లోనే విడదీసి చూపించారు. మొదటిదానికి రెండేళ్లు చాలు, రెండోదానికి సాధారణంగా 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. అంటే ఆరో తరగతిలో ఆ భాషలోకి అడుగుపెట్టిన పిల్లాడు, పాఠం భాష పట్టుబడకముందే మా మిడిల్ స్కూలు దాటి హైస్కూలుకి వెళ్లిపోతాడు! ఈలోగా ఆటల్లో గలగలా మాట్లాడటం చూసి, సైన్స్‌లో మార్కులు రాకపోతే "బద్ధకం" అని రాసేస్తాం. "పోల్చండి", "కారణాలు వివరించండి" లాంటి మాటలు వాడికి ఎవరైనా విప్పి చెప్పారా అని మాత్రం అడగం.

మౌనాన్నీ అలాగే తప్పుగా చదువుతాం. కళ్లలోకి చూడకపోవడం కొన్ని ఇళ్లలో మర్యాద, ఇంకొన్ని చోట్ల దాపరికం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మించి ఆగరని, 3 సెకన్లు ఆగితే ఎక్కువ మంది నోరు విప్పుతారని మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. మనసులో ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మార్చుకునే పిల్లకి ఆ రెండు సెకన్లే అవకాశం. సిలబస్ టెన్షన్‌లో మొదట కోత పడేదీ వాటికే (నాకూ పడుతుంది, దాచుకోవడం ఎందుకు).

గ్రూపులు చేస్తే సరిపోతుందనుకోవద్దు, ధాటిగా మాట్లాడేవాడే పనంతా లాగేసుకుంటాడు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, నల్లజాతి, తెల్లజాతి, లాటినో పిల్లలు కొత్తగా ఒకే క్లాసులో కూర్చున్నప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్ బృందం పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికీ ఒక ముక్క ఇచ్చింది. మిగతావాళ్లకి ఆ ముక్క కావాలంటే ఆ పిల్లాడి మాట వినక తప్పదు. అక్కడ ఎవరూ వాడి పండగ గురించి అడగలేదు, పాఠంలో వాడి అవసరం కలిగించారు.

ఇక తల్లిదండ్రుల మీటింగ్. అమ్మకి భాష రాదు కాబట్టి పిల్లాడి మీది ఫిర్యాదును పిల్లాడి చేతే చెప్పిస్తాం. వాడు ఏం చెప్పాడో మనకి తెలియదు, ఇంట్లో పెద్దరికం ఎటు పోయిందో అమ్మకి తెలుస్తుంది. దీనికి టీచర్ ఒక్కరే ఏమీ చేయలేరు, ఆ రోజుకి బయటి మనిషిని అనువాదానికి పెట్టాల్సింది స్కూలే. పోస్టర్లకి పెట్టే డబ్బు ఒక ఏడాది ఇటు మళ్లించి చూడొచ్చు.