నెట్ సెంటర్ డౌన్‌లోడ్స్‌లో మీ ఆధార్: ఆ ఫార్వర్డ్‌లోని ఐదు మాటలకు జవాబు

పోయిన వారం మా చిన్నాయన వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపి, ఆ వెంటనే ఫోన్ చేశాడు. "ఏమప్పా, నువ్వు నెట్ సెంటర్ పెట్టి ఇన్నేండ్లాయ, ఈ ముక్క మాకెప్పుడూ చెప్పకపోతివే" అన్నాడు. సాయంత్రంలోగా అదే మెసేజ్ మా వీధి గ్రూపులో, పిల్లల స్కూలు గ్రూపులో, చివరికి శెనక్కాయల వ్యాపారుల గ్రూపులో కూడా వచ్చింది. హెడ్డింగు 'సైబర్ నిపుణుల సలహా'. ఆ నిపుణులెవరో, ఏ ఊరివాళ్ళో మాత్రం లేదు.

క్లుప్తంగా అందులో ఉన్నది ఇది. ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్‌లో ఉండే ప్రైవేటు కిటికీలో) తెరిస్తే నెట్ సెంటర్లో కూడా మీ వివరాలు ఎవరికీ దొరకవు. అడ్రస్ పక్కన తాళం గుర్తుంటే అది అసలు సైటే. బ్రౌజర్ అప్‌డేట్లు కంపెనీల వ్యాపారం, చేయకండి. పాస్‌వర్డ్‌లు ఎక్కడా సేవ్ చేయకుండా, అన్నిటికీ ఒకటే గట్టిది పెట్టుకొని గుర్తుంచుకోండి. వైరస్ ఉందని హెచ్చరిక వస్తే వెంటనే నొక్కి క్లీన్ చేసుకోండి.

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర నాది చిన్న నెట్ సెంటర్. ఆరు సిస్టమ్‌లు, ఒక జిరాక్స్ మిషన్. నేను నిపుణుణ్ణి కాను గానీ, ఈ ఐదింటిలో నాలుగు తప్పులని, ఒకటి సగం తప్పని చెప్పడానికి నా అనుభవం చాలు.

ఇన్‌కాగ్నిటో మాటతోనే నాకు ఎక్కువ పేచీ. దాన్ని నమ్మినవాళ్ళు వచ్చి కూర్చునేది నా కుర్చీల్లోనే కదా. ఆ కిటికీ మూసేస్తే హిస్టరీ, కుకీలు (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు పెట్టుకునే చిన్న ఫైళ్ళు), లాగిన్లు ఆ సిస్టమ్‌లో మిగలవు. అది చేసే పని అంతే. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ మాత్రం ఎక్కడ పడిందో అక్కడే ఉంటుంది. ఒకరోజు మూడో సిస్టమ్ స్లో అయిందని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూశాను. ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు వరుసగా ఉన్నాయి. పాన్ కార్డులు, పొలాల 1బీ రికార్డు కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటోలు కూడా. ఎవరివో నాకు తెలియదు, తెరవలేదు. తెరవాలనుకుంటే కష్టమేమీ కాదు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. పేరు ఎలాగూ తెలిసిపోతుంది. సంవత్సరం కావాలంటే, అదే ఫోల్డర్‌లో ఒక పిల్లాడి ఈ-ఆధార్‌తో పాటు వాడి పదో తరగతి మార్కుల లిస్టు కూడా ఉంది.

అది నా తప్పే. అప్పటినుంచి రాత్రి షట్టర్ దించే ముందు ఆరింటిలోనూ డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తున్నాను. ఊళ్ళో అందరూ చేస్తారని మాత్రం అనుకోకండి. ప్రింట్ చేతికి రాగానే ఫైల్ మీద షిఫ్ట్ పట్టుకొని డిలీట్ కొట్టి లేవండి. ఎవరూ ఏమీ అనుకోరు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఇదే చెప్పింది: నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేయవద్దు, చేస్తే కాపీలన్నీ తీసేయండి అని. జనం అపార్థం చేసుకుంటారని రెండు రోజులకే ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయినా అందులోని సలహా మంచిదే. నంబరులో చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అనే సౌకర్యం ఇప్పటికీ ఉంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ గడిలో టిక్ పెడితే చాలు.

ఇక 'ఎవరికీ దొరకవు' అన్న మాట. ఇన్‌కాగ్నిటోలో జీమెయిల్ తెరిచి లాగిన్ అయితే మీరెవరో గూగుల్‌కు మీరే చెప్పినట్టు. ఏ సైటుకు వెళ్ళారో నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి తెలుస్తుంది. కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకునే సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌లో ఎవరైనా పెట్టి ఉంటే, ఇన్‌కాగ్నిటో దాన్ని ఆపలేదు. గూగుల్ మీద అమెరికాలో 2020లో దీని గురించే కేసు పడింది. 2024లో రాజీ కుదిరినప్పుడు, ఇన్‌కాగ్నిటోలో తిరిగినవాళ్ళ గురించి పోగైన వందల కోట్ల రికార్డులను చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. చెరపడానికి ఒప్పుకున్నారంటే పోగైనట్టే కదా!

తాళం గుర్తు సంగతి. మీకూ ఆ సైటుకూ మధ్య నడిచే మాటలను దారిలో ఎవరూ చదవలేరని ఆ తాళం అర్థం. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. లక్క సీలు వేసిన కవరును దొంగ ఇంటికే పంపితే సీలు ఏం కాపాడుతుంది? ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ ఇప్పుడు నిమిషాల్లో ఉచితంగా దొరుకుతుంది, దొంగ సైటు పెట్టేవాడికి కూడా. అసలు తమాషా ఏమిటంటే, ఫార్వర్డ్ రాసినాయన వెతకమన్న ఆ తాళం గూగుల్ వాళ్ళ క్రోమ్ బ్రౌజర్‌లో లేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన 117వ వెర్షన్‌తో దాన్ని తీసేసి వేరే గుర్తు పెట్టారు. తాళం గుర్తుకు అసలు అర్థం ఏమిటో తమ 2021 అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళలో 11 శాతం మందే సరిగా చెప్పగలిగారని గూగులే ప్రకటించింది.

మరి దేన్ని చూడాలి? అడ్రస్ చివరను. మా దగ్గరికి వచ్చే రైతులకు ఇలా చూపిస్తాను: సర్కారు భూమి రికార్డుల సైటు మీభూమి పేరు 'ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్' అని ముగుస్తుంది. అవే మాటలను చిన్న గీతలతో (-) కలిపి చివర 'డాట్ కామ్' అని ఉంటే అది సర్కారుది కాదు, బొమ్మలు ఎంత బాగున్నా సరే. మొదట్లో 'https://' ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత మొదటి వాలుగీత (/) వచ్చేదాకా చదవండి, దానికి ముందున్న ముక్కే అసలు ఇంటిపేరు. బ్యాంకులకైతే ఇంకా తేలిక. 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్ డాట్ ఇన్' అడ్రసుకు మారాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటికీ చెప్పింది.

అప్‌డేట్లు వ్యాపారమన్న మాటకు ఒక్క ఉదాహరణ చాలు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే రకం ఫొటోలను చదివే కోడ్‌లో ఒక రంధ్రం బయటపడింది. దాన్ని వాడుకునేలా తయారుచేసిన ఫొటో ఉన్న పేజీని తెరిస్తే చాలు, దేన్నీ నొక్కక్కర్లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ అన్నిటిలోనూ ఉన్న కోడే అది, అన్నీ రోజుల్లో అప్‌డేట్ ఇచ్చాయి. అప్‌డేట్ వచ్చిందంటే రంధ్రం ఎక్కడుందో దొంగలకూ తెలిసినట్టే, వేసుకోనివాడి తలుపు తెరిచి ఉన్నట్టే. పాత ఫోన్‌లో జాగా చాలడం లేదంటే అర్థం చేసుకుంటాను. పనికిరాని వీడియోలు తీసేసి, ప్లే స్టోర్‌లో బ్రౌజర్ ఒక్కదాన్నైనా అప్‌డేట్ చేసుకోండి. నా దగ్గర కూడా ఒక మూల విండోస్ 7 సిస్టమ్ ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి కొత్త క్రోమ్ దానిమీద నడవదు. నెట్ వైరు పీకేసి ప్రింట్లకు మాత్రమే వాడుతున్నాను.

పాస్‌వర్డ్‌ల మాటే సగం నిజం. నెట్ సెంటర్లో 'సేవ్ చేయమంటారా' అని బ్రౌజర్ అడిగితే వద్దనే అనాలి. స్క్రీన్ లాక్ ఉన్న సొంత ఫోన్‌లో సేవ్ చేసుకుంటే తప్పులేదు, పైగా లాభం. ఏ అడ్రసులో సేవ్ చేశారో అక్కడే బ్రౌజర్ దాన్ని నింపుతుంది. దొంగ సైటు మీ కళ్ళను మోసం చేసినా బ్రౌజర్‌ను మోసం చేయడం కష్టం. రోజూ తానే నింపే పాస్‌వర్డ్‌ను ఒకరోజు నింపకుండా ఊరుకుంటే, ఆగి అడ్రస్ చూడండి. అన్నిటికీ ఒకటే పెట్టుకోమనడం మాత్రం ఘోరం. ఏదో చీరల సైటు నుంచి మీ పాస్‌వర్డ్ బయటికి పోతే, దాన్నే మీ మెయిల్ మీద ప్రయత్నిస్తారు. మెయిల్ పోతే, 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కి మిగతావన్నీ తీసుకుంటారు. ఆ ఒకటీ నిజంగా గట్టిదైనా ఇదే కథ. మా దగ్గర అయితే సగం మందికి పిల్లాడి పేరు, పక్కన 123.

ఐదోది చదివాకే చిన్నాయన ఫోన్ తెమ్మన్నాను. "ఇదో, పొద్దున్నుంచి టింగు టింగుమని ఒకటే రావడం. వైరస్ ఉండాదంట, నొక్కితే పోతాదంట" అన్నాడు. నొక్కి ఉంటే ఏదో యాప్ దింపుకోమనేది, లేదా కార్డు నంబరు అడిగేది. అది వైరస్ కాదు. ఎప్పుడో క్రికెట్ స్కోరు చూస్తూ, ఒక సైటు నోటిఫికేషన్లు పంపనా అని అడిగితే 'అలో' నొక్కాడు. మీ ఫోన్ లోపల ఏముందో వెతికి చెప్పే శక్తి ఒక వెబ్ పేజీకి ఉండదు. క్రోమ్‌లో సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ తెరిచాను. పద్నాలుగు సైట్లకు అనుమతి ఉంది, అందులో ఆయన గుర్తుపట్టినది ఒక్కటి, ఒక న్యూస్ పేపరు. మిగతా పదమూడూ బ్లాక్ చేశాను. ఇలాంటిది నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళుంటే గంటలు గడవకముందే 1930కి ఫోన్ చేయాలని, ఆ నంబరు కూడా ఆయన ఫోన్‌లో ఎక్కించాను.

మరుసటి రోజు మళ్ళీ ఫోన్. "అప్పా, టింగు టింగు పోయింది. ఆ మెసేజ్ నేను పన్నెండు గ్రూపులకు పంపింటి, ఇప్పుడెట్ల?" అన్నాడు. ఆ పన్నెండింటిలోనూ వేయడానికే ఇది రాశాను.