"నేను కమెడియన్ని మాత్రమే" అంటే నేను ఒప్పుకోను

అమెరికా టీవీలో వచ్చే డైలీ షో పేరెత్తితే చాలు, "అది కామెడీ ప్రోగ్రామే కదా, అంత పట్టించుకోవడం ఎందుకు" అంటారు. వినీ వినీ విసుగొచ్చింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏంటంటే, ఈ మాటని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది ఆ షో నడిపిన జాన్ స్టూవర్టే. ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయనతో గొడవ పెట్టుకోవాలనిపిస్తుంది.

ఆ షో అమెరికాలో కామెడీ సెంట్రల్ ఛానెల్లో 1996లో మొదలైంది. 1999 జనవరిలో క్రెయిగ్ కిల్‌బార్న్ స్థానంలో స్టూవర్ట్ వచ్చాక మెల్లగా రాజకీయాల వైపు మళ్లింది. నాయకుల్ని వెక్కిరించడంలో కొత్తేమీ లేదు. వాళ్ల నడకనీ గొంతునీ అనుకరించి నవ్వించేవాళ్లు అంతకుముందూ బోలెడుమంది. ఈ షో పట్టుకున్న పని వేరు. పాత టేపులు తవ్వి తీసి, నాయకుడు నిన్న అన్నదాన్ని ఇవాళ అంటున్నదాని పక్కన పెట్టడం.

నా దృష్టిలో ఆ పద్ధతికి అన్నిటికంటే మంచి ఉదాహరణ 2003 నాటిది. 2000 ఎన్నికల డిబేట్‌లో, అప్పటికి టెక్సస్ గవర్నర్‌గా ఉన్న జార్జ్ బుష్, వేరే దేశాల్ని నిర్మించిపెట్టే పనికి మన సైన్యాన్ని వాడకూడదన్నాడు. మూడేళ్లు తిరక్కుండానే అదే మనిషి అధ్యక్షుడి హోదాలో ఇరాక్‌లోకి సైన్యాన్ని దింపాడు. డైలీ షో ఆ ఇద్దరు బుష్‌లకీ డిబేట్ పెట్టింది. ఒకవైపు గవర్నర్, ఇంకోవైపు అధ్యక్షుడు, నడుమ స్టూవర్ట్. బుష్ నోట వచ్చినవన్నీ అసలు క్లిప్పులే. నవ్వొచ్చింది, నిజమే. కానీ నవ్వాక ఒక ప్రశ్న మిగిలింది: ఈ టేపులు పెద్ద న్యూస్ ఛానెళ్ల దగ్గర కూడా ఉన్నాయి కదా? వాళ్లెందుకు పక్కపక్కన పెట్టి చూపించలేదు? జర్నలిస్టులు చేయాల్సిన పనిని ఒక కామెడీ రైటర్ల గది చేసింది. ఆ పని చేసినవాళ్లు "మేం ఉత్తి కమెడియన్లం" అంటే ఎలా?

2004 అక్టోబర్‌లో సీఎన్ఎన్ వాళ్ల రాజకీయ చర్చల ప్రోగ్రామ్ క్రాస్‌ఫైర్‌కి స్టూవర్ట్ వెళ్లినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే. దాన్ని నడిపే టక్కర్ కార్ల్‌సన్, పాల్ బెగాలా ఎదురుగా కూర్చుని, మీరు చేస్తున్నది చర్చ కాదు నాటకం, దేశానికి హాని చేస్తున్నారు, ఆపండి అని మొహం మీదే చెప్పాడు. అక్షరాలా నిజం. కొన్ని నెలలకే సీఎన్ఎన్ ఆ ప్రోగ్రామ్‌ని ఆపేయాలని నిర్ణయించింది. అయితే ఆ సంభాషణలో కార్ల్‌సన్ ఒక మాట అడిగాడు: అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీ నీ షోకి వస్తే అంత మెత్తటి ప్రశ్నలు వేశావేం? స్టూవర్ట్ దానికి, నా షోకి ముందు వచ్చే ప్రోగ్రామ్‌లో తోలుబొమ్మలు ఆకతాయి ఫోన్లు చేస్తుంటాయి అన్నాడు. అంటే, నాది ఉత్తి కామెడీ కదా అని. జనం పగలబడి నవ్వారు. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడ మనసు చివుక్కుమంటుంది. కార్ల్‌సన్ అంటే నాకు పడదు, అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు రాలేదు.

ఇక 2010 డిసెంబర్ 16 ఎపిసోడ్. ఇది చూడనివాళ్లు వెతికి చూడండి. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆ శిథిలాల్లో పనిచేసి, అక్కడి విషపు దుమ్ము పీల్చి జబ్బుపడ్డ ఫైర్‌మెన్, పోలీసులు, కూలీల వైద్యం కోసం జాడ్రోగా బిల్లు తెచ్చారు. సెనేట్‌లో ముందుకు కదలడానికి 60 ఓట్లు కావాలి, 57 వచ్చాయి. రిపబ్లికన్లు అడ్డుపడ్డారు. ప్రతి ఉపన్యాసంలో ఆ రోజు వీరుల పేరు చెప్పుకునే పార్టీ! పెద్ద ఛానెళ్లకి అది వార్తగా కూడా కనపడలేదు. స్టూవర్ట్ ఆ సంవత్సరపు చివరి ఎపిసోడ్‌ని దానికే ఇచ్చేశాడు. ఆ దుమ్ములో పనిచేసిన నలుగుర్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడనిచ్చాడు. వాళ్లు తమ క్యాన్సర్ల గురించి, ఊపిరితిత్తుల గురించి చెప్తుంటే స్టూడియోలో చప్పుడు లేదు. ఆరు రోజులకి బిల్లు పాసైంది. 2011 జనవరి 2న ఒబామా సంతకం పెట్టాడు. ఒక్క ఎపిసోడ్‌తోనే అయిపోయిందని నేననను. జబ్బు శరీరాలతో ఏళ్ల తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగింది ఆ కార్మికులు. కానీ ఎవరూ చూడని చోటికి కెమెరా తిప్పింది మాత్రం ఈ "కామెడీ ప్రోగ్రామ్".

2015 డిసెంబర్‌లో ఆ చట్టాన్ని పొడిగించాల్సి వచ్చింది. అప్పటికి స్టూవర్ట్ షో వదిలేశాడు, యాంకర్ ట్రెవర్ నోవా. స్టూవర్ట్ అతిథిగా వచ్చి ఆ నలుగుర్నీ మళ్లీ పిలిస్తే, ఒక్కరే రాగలిగారు. ఇద్దరు జబ్బుతో కదలలేకపోయారు. ఒకరు చనిపోయారు.

2019 జూన్‌లో, చేతిలో ఏ షో లేనప్పుడు, సెప్టెంబర్ 11 బాధితుల పరిహార నిధి కోసం స్టూవర్ట్ అమెరికా కాంగ్రెస్ సబ్‌కమిటీ ముందుకు వెళ్లాడు. వెనక గదినిండా జబ్బుపడ్డ మనుషులు, ఎదురుగా సభ్యుల కుర్చీలు చాలావరకు ఖాళీ. గొంతు పూడుకుపోతూనే వాళ్లని కడిగేశాడు. ఆ తర్వాతి నెలలో నిధిని 2092 వరకు పొడిగించారు.

2024 ఫిబ్రవరిలో డైలీ షో సోమవారం ఎపిసోడ్‌లకి మళ్లీ వచ్చాడు. నాకు చాలా సంతోషమేసింది. ఒక్కటే కోరిక. ఇకమీదట ఆయన బాధ్యత గురించి ఎవరైనా అడిగితే, ఆ తోలుబొమ్మల జవాబు ఇవ్వకూడదు.