ఎడంచేతి గ్లౌజు

జింకను కోసేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోవాలా, అక్కర్లేదా? ఈ సంక్రాంతికి మా ఇంట్లో మూడు పూటలు నడిచిన చర్చ ఇది. మా ఇంటావంటా జింకను కోసినవాళ్లు లేరు. కోసే ఉద్దేశం ఉన్నవాళ్లూ లేరు. అయినా దోసెలు చల్లారి అట్టముక్కలయ్యేదాకా అందరం కూర్చుని మాట్లాడాం. ప్రశ్న అమెరికా నుంచి వచ్చింది మరి. అంతదూరం నుంచి వచ్చినదాన్ని జవాబు చెప్పకుండా పంపితే ఏం మర్యాద?

మోసుకొచ్చినవాడు మా అన్న కొడుకు. విస్కాన్సిన్‌లో ఉద్యోగం. అక్కడ నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి ముందొచ్చే శనివారం తుపాకీ వేట మొదలై తొమ్మిది రోజులు నడుస్తుంది. లైసెన్సు తీసుకుని, ఒకరినొకరు జింకనుకుని కాల్చుకోకుండా కళ్లు చెదిరే నారింజరంగు చొక్కా తొడుక్కుని పోవాలి. ఆఫీసువాళ్లు ఈసారి వీణ్ణీ వెంట తీసుకుపోయారు. వీడు కాల్చలేదు. చలికి వణుకుతూ టార్చి పట్టుకున్నాడు. కొట్టిన జింకను అక్కడికక్కడే పొట్ట చీల్చి పేగులూ గీగులూ తీసేస్తారు, లేకపోతే ఒంట్లో వేడికి మాంసం చెడిపోతుంది. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు ఫీల్డ్ డ్రెస్సింగ్.

"డ్రెస్సింగా?" అంది మా పెద్దమ్మ. ఆమెకు తెలిసిన డ్రెస్సింగు మోకాలి ఆపరేషను అయినాక నర్సమ్మ రోజు మార్చి రోజు ఇంటికొచ్చి చేసింది. "కాల్చినాక మళ్లా కట్టు కూడా కడతారంటనా? మంచోళ్లేరా పాపం."

మేమెవరమూ ఆమెను సరిదిద్దలేదు. ఒక దేశం మీద అంత మంచి అభిప్రాయం ఉన్న మనిషి ఈరోజుల్లో దొరకడమే కష్టం.

వాడు చెప్పిందాన్ని బట్టి ఈ విషయంలో అక్కడ రెండు పార్టీలు. గ్లౌజుల పార్టీ చేతిలో సైన్సుంది. జింకలకు ఒక మాయరోగం ఉంది, పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జంతువు చిక్కి శల్యమై, సొంగ కారుస్తూ, దిక్కు తెలీకుండా తిరిగి చస్తుంది. 1967లో కొలరాడోలో మొదట కనిపెట్టారు, 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది. దాన్ని తెచ్చేది పురుగూ కాదు, వైరసూ కాదు, వంకర తిరిగిన ఒక ప్రొటీను. కూర ఎంత ఉడికించినా చావదు. మనిషికి సోకినట్టు ఇంతవరకూ తేలలేదు గానీ, ఎందుకొచ్చిన గొడవ, గ్లౌజులు తొడుక్కోండి, మెదడూ వెన్నుపామూ ముట్టుకోబాకండి, మాంసం పరీక్ష చేయించుకుని తినండి అని అక్కడి ఆరోగ్యశాఖ చెబుతుంది. అందుకని భుజం దాకా వచ్చే గ్లౌజులు అమ్ముతారట. మన పశువుల డాక్టరు బర్రెకు సూదెయ్యడానికి వచ్చినప్పుడు తొడుక్కుంటాడే, అట్టాంటివే. వాటి మీద ఇంకో జత పొట్టివి.

రెండో పార్టీది అనుభవం. మా తాత వేసుకున్నాడా? మా నాన్న వేసుకున్నాడా? నెత్తురు తగిలితే గ్లౌజు జారుతుంది, లోపల కత్తి మొన ఎక్కడుందో వేలికి తెలీదు, చెయ్యి తెగేది అప్పుడే. పైగా మంచులో వేళ్లు కొయ్యబారి ఉంటే జింక పొట్టలో పెట్టిన చేతులకు ఆ వెచ్చదనం హాయిగా ఉంటుందట. ఈ మాట విని మా వదిన లేచి లోపలికి పోయింది.

"నువ్వే పార్టీ బాబాయ్?" అన్నాడు.

నేను మన చట్టం పార్టీ. మనకీ సమస్య 1972లోనే తీరిపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వెలిగొండల్లో గానీ నల్లమలలో గానీ జింకను కోసినవాడి చేతులకు ఏం తొడగాలో అటవీశాఖే చూసుకుంటుంది. ఇనుముతో చేసినవి. జారవు.

అలాగని మనకు వేట లేదనుకోకూడదు. తెలుగువాడు తుపాకీ అక్కర్లేని వేటను కనిపెట్టాడు. పొట్టేలును తోలుకొచ్చి గుంజకు కట్టేసి, దానికే వేట అని పేరు పెట్టి, "ఏట కోస్తన్నాం, పొద్దున్నే వచ్చేయండి" అని కబురు పంపుతాడు. పారిపోవాల్సిన జీవం కదలకుండా నిలబడి ఉంటుంది, కనుమ నాడు తెల్లారకముందే సంచీ పట్టుకుని పరిగెత్తేది మనం. కాబట్టి ప్రశ్నను మా ఊరికి తగ్గట్టు మార్చుకుని, ఏట కోసేవాడు గ్లౌజులు వేసుకోవాలా అని తేల్చుకోడానికి వాణ్ణి వెంటబెట్టుకుని మటన్ కొట్టుకు పోయాను. ఊరి పేరు రాయను. నెల్లూరు జిల్లాలో ఒక మునిసిపాలిటీ. అంతకంటే చెబితే నాకు ఫోన్లొస్తాయి.

కొట్టు ముందు ముప్ఫై మందిమి. బల్ల మీద వరసగా తలకాయలు, తెల్లటి మొహాల మీద మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్ల మచ్చలతో, నెల్లూరు జుడిపి జాతి అని ఎవరూ చెప్పక్కర్లేకుండా. వెనక చింతమొద్దు, దాని వెనక భాయ్. భాయ్ ఎడంచేతికి పల్చటి పాలిథిన్ గ్లౌజు. కుడిచేతికి ఏమీ లేదు.

"రెండోది ఏది భాయ్?"

"కత్తి జారద్ది సార్."

మావాడి మొహం వెలిగిపోయింది. విస్కాన్సిన్‌లో ముసలివాళ్లు చెప్పే మాటే మా చింతమొద్దు దగ్గర!

ఇక ఆ ఎడంచేతి గ్లౌజు దినచర్య. ముందు డొక్క పట్టుకుంది. ఈగను తోలింది. మొద్దును తుడిచిన గుడ్డనే పిండి దండెం మీద వేసింది. గల్లాపెట్టె లాగి ఐదువందల నోటు లోపల పెట్టి, చిల్లర లెక్కేసి, తడికి అంటుకున్న పదుల్ని విడదీసి ఇచ్చింది. కార్జం ఎత్తి చూపించింది, "లేతది సార్, చూడండి." చెవి వెనక గోక్కుంది. టీ కుర్రాడు గ్లాసు తెస్తే అంచు పట్టుకుని అందుకుంది. మళ్లీ డొక్క. అంతలో ఒకాయన ఫోన్‌పే చేశాడు. పడిందో లేదో చూడాలి. గ్లౌజు వేలితో తాకితే తెర పలకలేదు. ఇంకోసారి పొడిచినా పలకలేదు. కుడిచేతిలో కత్తి ఉంది, అది వదలడు. అందుకని భాయ్ మధ్యవేలి కొసను పళ్లతో పట్టుకుని, తల వెనక్కి వంచి, గ్లౌజును సర్రున లాగేశాడు. అది నోటి నుంచి గడ్డం మీదికి వేలాడుతుండగా ఉత్త చేత్తో తెర నొక్కి, పళ్ల సందునుంచే "పడింది పడింది" అన్నాడు. తర్వాత గ్లౌజు అంచులు రెండు వేళ్లతో విడదీసి లోపలికి ఫూ అని ఊదాడు. అది ఐదు సన్నుల పొదుగులా ఉబ్బింది. అందులోకి చెయ్యి దూర్చి, వేళ్లు ఆడించి సర్దుకుని, మా కిలోన్నరకు చెయ్యి వేశాడు.

నా వెనక నిలబడ్డ రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తృప్తిగా తల ఊపారు. "ఆ మూల కొట్టువాడు ఉత్త చేతుల్తో కోస్తాడండీ. అందుకే నేను ఎంత లైనున్నా ఇక్కడికే వస్తా. హైజీను ముఖ్యం."

నేను భాయ్‌ని ఏమీ అనను. 2020లో కరోనా వచ్చినప్పుడు ఎవరో వేసుకోమన్నారు, వేసుకున్నాడు. తీసేస్తే బేరం మూల కొట్టుకు పోతుంది. అతనికి తెలుసు ఆ గ్లౌజు మాంసానికీ కాదు, చేతికీ కాదు, హెడ్మాస్టరు గారి కళ్లకు తొడిగిందని. కిలోన్నరా ఇంటికి తెచ్చాక మా ఆవిడ గాజులు పైకి లాక్కుని ఉత్త చేతుల్తోనే పసుపేసి కడిగింది. అక్కడ హెడ్మాస్టరు గారు లేరు కదా.

ఈ తొడుగుల శాస్త్రంలో మా వీధి ఆడవాళ్లు నలుగురు ఆరితేరినవాళ్లు. తెల్లారేసరికి బస్సెక్కి రొయ్యల కంపెనీకి పోతారు. ఐసులో ముంచిన రొయ్యకు తల తుంచి, పొట్టు వలిచి, వీపున నల్లనరం లాగాలి. తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతికి గ్లౌజు అన్నీ ఉన్నాయి. వెంట్రుక గానీ చెమట గానీ రొయ్యకు తగలకూడదు, మన రొయ్యలు అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా. అంటే ఆ గ్లౌజు తొడిగింది వాళ్ల చేతికైనా కట్టింది రొయ్యకు. మరి నీ వేళ్లెందుకే ఇట్టా నానిపోయి తెల్లగా పగిలుండాయి అని మా పెద్దమ్మ అడిగితే ఒకామె నవ్వింది. "కూలి కిలోల లెక్కన గదమ్మా. అది ఏసుకుంటే ఏళ్లు ఆడవు. సూపర్‌వైజరు కనబడితే ఏసుకుంటాం." రాత్రికి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటుందట. మావాడు విస్కాన్సిన్‌లో ఫ్రిజ్జులోంచి తీసి వేపుడు చేసుకునే సంచీలో ఆమె వలిచినవీ ఉండొచ్చు.

ఇప్పటికి నాకు అర్థమైంది, విస్కాన్సిన్ వేటగాళ్ల చర్చ ఎందుకంత సాఫీగా సాగుతుందో. అక్కడ కొట్టేవాడూ కోసేవాడూ తినేవాడూ ఒకడే. చెయ్యి వాడిదే, రోగం వస్తే వాడికే. తన చేతి గురించి ఎవడైనా మూడు పూటలు మాట్లాడతాడు.

ఆ కనుమ పొద్దున మా లైనుకు నాలుగడుగుల దూరంలో ఇంకో చెయ్యి కూడా పనిచేస్తోంది. సైడు కాలవలో. మునిసిపాలిటీవాళ్లు ఇద్దరు, పండగపూట. ఒకడు గట్టు మీద తట్టతో, ఇంకొకడు మోకాళ్లలోతు నల్లనీళ్లలో. మటన్ కొట్టు నీళ్లూ చికెన్ కొట్టు ఈకలూ మా ఇళ్ల సమస్తమూ ఆ కాలవలోకే. కల్వర్టు కింద అడ్డంపడి నీళ్లు రోడ్డెక్కాయి. పారకు అందడంలేదు. వంగి, చెంప నీళ్లకు ఆనేంత వంగి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టాడు.

భుజం దాకా. ఉత్త చెయ్యి.

హెడ్మాస్టరు గారు ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని, "ఒరేయ్, అవతల పోసుకోరా, కూర మీద చిందద్ది" అన్నారు.

ఆ చెయ్యి బయటికి తెచ్చినవి చెబుతా. పేగులు నింపిన కవరు. సీసా పెంకులు. పిల్లల డైపరు. ఇంజెక్షను సూది, దాని మూత లేకుండా. ఒక్కొక్కటీ తీసి తట్టలో వేశాడు. ముప్ఫై మందిమి చూశాం. కిలో రేటు గురించి కొట్లాడుతున్నాం, ఎముక ఎక్కువేశావని కొట్లాడుతున్నాం, భాయ్ రెండో చేతికి గ్లౌజు లేదని వేలెత్తి చూపడానికి అమెరికా నుంచి మనిషిని తెచ్చుకున్నాం. ఇతని చేతికేదని అడిగిన నోరు ఒక్కటీ లేదు, నాదీ లేదు. అడగం. అతని పేరు తెలీదు, ఇల్లు తెలీదు. కులం మాత్రం అడక్కుండానే అందరికీ తెలుసు. ఆ చెయ్యి అక్కడ ఉండాల్సిందే అని లోపల ఎక్కడో రాసిపెట్టుకున్నాం, అందుకే అది కంటికి ఆనలేదు.

రక్షణ తొడుగులు లేకుండా మనుషుల్ని మురుగులోకి దించకూడదని 2013లో చట్టం చేశారు. దిగి చచ్చిపోతే కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అంతకుముందు 10 లక్షలుండేది. చావుకు రేటు పెరిగింది, మంచిదే. బతికుండగా ఒక రబ్బరు గ్లౌజుల జత ఇవ్వడానికి ఏ కోర్టు చెప్పాలి? ఇస్తారట, ఇవ్వకపోలేదు. అక్టోబరు 2న పెద్దలు వచ్చి, ముందురోజు చల్లించిన ఆకుల్ని ఫొటో కోసం ఊడుస్తారే, ఆ రోజు కొత్త గ్లౌజులు దిగుతాయి. పెద్దల చేతులకు! కొత్త చీపురు పట్టుకోవడానికి! సిగ్గు లేకపోతే సరి. చీపురుకట్టకు ఏ రోగం ఉందని తొడుక్కుంటారయ్యా? అది కూడా వంకర ప్రొటీనేనా?

సరే, గొంతు తగ్గిస్తా. కనుమ పూట.

కల్వర్టు కింది అడ్డం చివరికి కదిలింది. అతను గట్టిగా లాగేసరికి చికెన్ ఈకల ముద్ద, దాని వెంట జిగటగా, తెల్లగా, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్న పాలిథిన్ గ్లౌజులు. పదో, పదిహేనో. ఎడంచేతివే అయి ఉంటాయి. నీళ్లు నిండి వేళ్లు ఉబ్బి, గట్టు మీద ఆరేసిన చేతుల్లా పడ్డాయి. బొడబొడమని కాలవ పారింది. లైనులో ఎవరో "అబ్బ, పోయింది" అన్నారు.

అతను పైకెక్కి కొట్టు పక్క కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఆ ముద్దలోంచి చిరగని గ్లౌజొకటి ఏరి, నీళ్లు వంపి, తిరగేసి కడిగి, వెలుతురుకు పెట్టి చిల్లులున్నాయేమో చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దానికి జత కోసం మళ్లీ ముద్దలో వెతుకుతున్నాడు.

"సార్, మీ కిలోన్నర," అన్నాడు భాయ్.