మ్యాచింగ్ గ్రాంటు గారికి, రవికగుడ్డ విషయమై

శ్రీయుత మ్యాచింగ్ గ్రాంటు గారి దివ్యసముఖమునకు,

ఊరు తన వాటా వేస్తే దానికి జోడుగా తమ వాటా కలుపుతారని విని, మొన్న మంగళవారం తమ దర్శనానికి వచ్చి వెళ్లినవాణ్ణి. తమరికి గుర్తుండకపోవచ్చు. వరండాలో, ఒక కాలి కింద ఇటుక పెట్టిన బల్ల మీద, పదకొండున్నర నుంచి సాయంత్రం నాలుగూ నలభై దాకా కూర్చున్నాను. చంకలో గులాబీ రంగు ఫైలు. అందులో మా ఊరి గ్రంథాలయం పైకప్పు ఫొటోలు ఆరు. ఆరో ఫొటోలో కప్పు లేదు, ఆకాశం ఉంది. చొక్కా లోపలి జేబులో, రబ్బరుబ్యాండు వేసి, ఊరి వాటా 41,386 రూపాయలు.

ఆ చివరి 86 ఎక్కడిదంటే, ఐదో తరగతి చదివే పిల్ల ఒకతి హుండీ పగలగొట్టి ఇచ్చింది. ఇస్త్రీ బండి ఆయన 200 ఇచ్చాడు. టిఫిన్ బండి అక్క 500 ఇచ్చి, "పేరు రాయొద్దు, మా ఆయనకు తెలిస్తే గొడవ" అంది. ఇవన్నీ లాంగ్ నోటు పుస్తకంలో రాసుకుని మరీ తెచ్చాను.

నాలుగూ నలభైకి లోపలికి పిలిచి, ఫైలు రెండు పేజీలు తిప్పి, "మ్యాచ్ కాలేదండీ" అన్నారు.

ఇంతవరకూ ఆ మాట మా ఆవిడ నోట విన్నదే. మ్యాచింగ్ సెంటర్లో నలభై తానులు దింపించి, చీర కొంగు వీధిలోకి పట్టుకెళ్లి ఎండలో చూసి, "మ్యాచ్ కాలేదండీ, పిసరంత ముదురు" అంటుంది. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఆ పాపం ఇప్పుడు తగిలింది. అయితే ఒక్క మనవి. మా వైపు ఆడపడుచుకు చీర పెడితే దాని మీద రవికగుడ్డ కూడా పెట్టి, బొట్టు పెట్టి ఇస్తారు. "ముందు నువ్వు రవిక కుట్టించుకుని తొడుక్కుని రా, రంగు చూసి చీర సంగతి ఆలోచిద్దాం" అనే పుట్టిల్లు నాకు తెలిసి భూమ్మీద తమరిదొక్కటే.

ఎందుకు మ్యాచ్ కాలేదో కూడా దయతో సెలవిచ్చారు. డబ్బు నోట్ల రూపంలో ఉందట. దరఖాస్తు తేదీకి ముందే గ్రంథాలయం పేరున బ్యాంకులో ఉండాలట. మేస్త్రీ ఒకడు, మరో నలుగురు కుర్రాళ్లు పది రోజులు ఊరికే పని చేస్తామన్నారని చెబితే, శ్రమదానానికి కాలమ్ లేదన్నారు. మూడేళ్ల ఆడిట్ లెక్కలు కావాలన్నారు. మా గ్రంథాలయం ఏడాది ఆదాయం 2,900. ఆడిటరు గారు అడిగింది 6,000. మా లెక్కలు సరిగ్గా ఉన్నాయని ఆయన చేత అనిపించుకోవాలంటే రెండేళ్ల ఆదాయం ఆయనకే పొయ్యాలి. అప్పుడు లెక్కలు నిజంగానే సరిగ్గా ఉండవు.

ఇవన్నీ సరే. గవర్నమెంటు అన్నాక కాలమ్‌లు ఉంటాయి. ఆడిట్ విషయం ఇంటికొచ్చేలోపు బస్సులోనే మరిచిపోయాను. మరిచిపోలేనిది ఇంకోటుంది. అక్కడాయన ఫైలు నా వైపు తోస్తూ, "ప్రజల వాటా లేకుండా ఎట్లాగండీ? ఊళ్లోవాళ్లకూ బాధ్యత ఉండాలి కదా" అన్నారు.

బాధ్యత.

నా దగ్గర ఇంటి పన్ను రసీదు ఉంది. ఇంటి పన్ను 1,250. దాని కింద గ్రంథాలయ పన్ను 100. లైటింగు, డ్రైనేజీ వేరే. 1960 గ్రంథాలయ చట్టం పుణ్యమా అని ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మా దగ్గర పుస్తకాల పేరు చెప్పి వసూలు చేస్తున్నారు. అక్షరం ముక్క రాని మా పెద్దమ్మ కూడా కట్టింది, పోయేదాకా. ఆ 8 పైసలను పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. సంస్థ దాంతో ఊళ్లలో గ్రంథాలయాలు నడపాలి, తన వాటా చూపించాలి. ఆ వాటా చూసి తమరు కరుణించాలి. కాగితం మీద ఎంత చక్కని కాలువో! పై నుంచి నీళ్లు వదిలితే చివరి చేను దాకా పారాలి.

నా వంద రూపాయలు ఏమయ్యాయని పంచాయతీలో అడిగాను. "వెళ్లాలండీ" అన్నారు. వెళ్లాయా అని అడిగాను. "వెళ్లాలండీ" అన్నారు మళ్లీ. మంగళవారం నాడు అటువైపు సంస్థ వాళ్లనీ అడిగాను. "రావాలండీ" అన్నారు. వచ్చాయా? "రావాలండీ."

అక్కడ "వెళ్లాలి", ఇక్కడ "రావాలి". ఈ రెంటి మధ్య ముప్పై మైళ్ల రోడ్డు. నా వంద రూపాయలు ఆ రోడ్డు మీద ఎక్కడో, ఏ చింతచెట్టు కిందో ఏళ్ల తరబడి బస్సు కోసం చూస్తున్నాయి.

పంచాయతీ వాళ్లను తిట్టడానికి నోరు రాదు. వీధి దీపాల కరెంటు బిల్లు వాళ్లకు, మంచినీళ్ల మోటారు బిల్లు వాళ్లకు. ఆర్థిక సంఘం డబ్బు ఊరి పేరున వస్తే, అది కరెంటు బాకీల కింద సర్దుకుపోయిందని సర్పంచులు రోడ్డెక్కిన రోజులు చూశాం. చేతిలో ఉన్న నా వందతో బల్బు వేయించి ఉంటారు. వెయ్యనీ. ఆ వెలుగులో చదువుకుందామంటే పుస్తకమే లేదు, అంతే.

మా ఊళ్లో గడపలు 600. గడపకు సగటున 50 వేసుకున్నా ఏడాదికి 30,000. రెండేళ్ల సొమ్ము సరిగ్గా చేరితే నా జేబులోని 41,386 పోను ఇంకా మిగిలేది. అంటే మా వాటా మేం ఎప్పుడో కట్టేశాం బాబూ! మా నాయన కట్టాడు, నేను కట్టాను, రసీదులున్నాయి. కట్టినదాన్ని మధ్యలో మాయం చేసి, మళ్లీ మా గుమ్మంలోకే వచ్చి "మీ వాటా ఏది" అంటావా? ఐదో తరగతి పిల్ల హుండీ పగిలితే గానీ నీకు మా బాధ్యత కనపడలేదా? పోనీ, ఎవరికి పెడుతున్నావయ్యా నువ్వు? పక్క పట్నంలో, కింద షాపుల అద్దెలు వచ్చే గ్రంథాలయానికి. వాళ్ల దగ్గర బ్యాంకు ఖాతా ఉంది, ఆడిటరు ఉన్నాడు, వాటా ఉంది, కప్పు కూడా ఉంది. ఆ కప్పు మీద ఇంకో అంతస్తుకు సగం ఇచ్చావు. కప్పు లేనివాడికి కాలమ్ లేదన్నావు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టు, చందాలు పోగుచేస్తే ఆ చందాలూ చెల్లవంటావు!

నువ్వు అనేశాను. పోనివ్వండి, మళ్లీ 'తమరు' అనే ఓపిక లేదు. 'మీరు'తో సర్దుకోండి.

మీ పెద్దవాళ్ల మీద నాకు కోపం లేదు. రాజా రామమోహన్ రాయ్ ద్విశత జయంతికి, 1972లో, ఆయన పేరున కలకత్తాలో ఒక గ్రంథాలయ ఫౌండేషన్ పెట్టారు. రాష్ట్రం తన వాటా వేస్తే తమ వాటా కలిపి గ్రంథాలయాలకు పుస్తకాలు కొంటారు. మంచి ఆలోచనే. మా గ్రంథాలయంలో ఆ ముద్ర ఉన్న పుస్తకాలు ఓ పాతిక ఉన్నాయి. మా అబ్బాయి ఖగోళం గురించి తెలుసుకున్నది అందులోని ఒక అట్ట చిరిగిన పుస్తకంలోనే. (ఒకసారి వచ్చిన కట్టలో ఒకే పుస్తకం మూడు ప్రతులు వచ్చాయి, అదీ కుందేళ్ల పెంపకం మీద. మా ఊళ్లో కుందేళ్లు లేవు. అదింకోసారి మాట్లాడుకుందాం.)

కానీ ఆ పేరు మా వాళ్లకు మీరు నేర్పలేదు. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయం వాళ్లు అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులందరినీ పిలిచి సభ పెట్టారు. చిలకమర్తి వారు అధ్యక్షులు. ఆ వచ్చినవాళ్లలో ఎవరి దగ్గరా ఆడిట్ కాగితాలు అడిగి ఉండరు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువలో పుస్తకాల పడవ నడిపించారు. పడవ రేవుకు ఆనుకుంటే ఊరు వచ్చి పుస్తకం తీసుకుపోయేది. ఆయనే మొన్న మంగళవారం ఆ వరండాకు వచ్చి ఉంటే? పడవ స్థిరాస్తి కాదు కనుక మ్యాచ్ కాదనేవారు. తెడ్డు వేసేవాడిది శ్రమదానం కనుక కాలమ్ లేదనేవారు. నీళ్ల మీద నడుస్తోంది కనుక ఇరిగేషన్ వాళ్ల నిరభ్యంతర పత్రం తెమ్మనేవారు.

తిరిగొచ్చే బస్సులో నిలబడే వచ్చాను. ఒక చెయ్యి పైన కడ్డీ మీద, ఒక చెయ్యి జేబు మీద. ఊళ్లో దిగేసరికి అరుగు మీద పదిమంది కూర్చుని ఉన్నారు. ఏమైందని ఎవరూ అడగలేదు, మొహం చూశారు. టిఫిన్ బండి అక్క మాత్రం, "నా 500 పుస్తకంలో రాయలేదుగా?" అంది.

వచ్చే ఆర్థిక సంవత్సరంలో రమ్మన్నారు. వస్తాను. బ్యాంకు ఖాతా తెరుస్తాను. రసీదుల జిరాక్సులు తెస్తాను, మా నాయన కట్టినవి కూడా, చెదలు తిన్నంత మేర వదిలేసి. అంతలో కారుమబ్బులు వేస్తున్నాయి కాబట్టి, నిన్న అందరం అనుకుని, ఆ డబ్బులోంచి 3,800 పెట్టి టార్పాలిన్ కొన్నాం. మేస్త్రీ, కుర్రాళ్లు రాత్రి పదింటిదాకా ఉండి కట్టారు. కుందేళ్ల పుస్తకాలు మూడూ, ఖగోళం పుస్తకం, తక్కినవన్నీ పొడిగానే ఉన్నాయి.

టార్పాలిన్ నీలం రంగు, గోడలు పసుపు. మా ఆవిడ వచ్చి చూసి, మ్యాచ్ కాలేదంది.

ఇట్లు,
రసీదు ఉన్నవాడు